సొలాంజ్ మెత్తబరచిన మాట

కిందటి చలికాలంలో కన్నుమూసిన సొలాంజ్ ఆర్షాంబో ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు సెక్రటరీ. నిజానికి ఆమె పని కంపెనీ అధ్యక్షుడి చెవి పక్కన నిలబడటం. ఇంగ్లీషు ఊరు టొరంటో నుంచి ఆ కుర్చీకి వచ్చిన ప్రతి పెద్దాయనా "ఏడాదిలో ఫ్రెంచి నేర్చేసుకుంటా" అనేవాడు. ఆ ఏడాది ఎప్పుడూ వచ్చేది కాదు. తొమ్మిదిమంది ఫ్రెంచివాళ్లున్న గదిలో ఆయనొక్కడు అడుగు పెడితే తొమ్మిది నోళ్లూ ఇంగ్లీషుకి తిరిగేవి. ఇంగ్లీషు రానివాళ్ల మాటలు సొలాంజ్ మోసేది.

మోస్తూ కాస్త మెత్తబరిచేది. కార్మికులెవరైనా "వీడికి బుర్ర ఉందా?" అంటే అధ్యక్షుడికి "మరోసారి ఆలోచించమంటున్నారు" అని చెప్పేది. ఎవరికీ కోపం రానివ్వకపోవడమే తన నేర్పనుకునేది.

ఆమె కొలువులో ఇరవయ్యో ఏడు, ఒక అక్టోబరు పొద్దున క్యాంటీన్‌లో వార్షిక సమావేశం. అధ్యక్షుడు విట్‌కమ్, ఇంగ్లీషు నోటికి పలికేలా ఆమె రాసిచ్చిన రెండు ఫ్రెంచి వాక్యాలు చదివి, చప్పట్లు కొట్టించుకుని, ఇంగ్లీషులోకి జారుకున్నాడు.

రేజాన్ లేచాడు. రేకులు వంచే నాలుగో ప్రెస్సు మనిషి. కిందటి వారమే అతని జోడీ మార్సియాల్‌కి ఆ ప్రెస్సులో కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

"సొలాంజ్, ఇవాళ పంచదార కలపకు" అన్నాడు ఫ్రెంచిలో.

"మేపుల్ పానకం కూడా వద్దు" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు. రేజాన్ నవ్వలేదు.

"సేఫ్టీ గార్డు ఊడిందని మార్చిలో చెప్పా, జూన్‌లో చెప్పా. మా వేళ్లు ఈయనకి లెక్కలేదా? అడుగు."

మేనేజర్ లకాస్ ఆమె వైపు వంగాడు. "భద్రత గురించి బెంగపడుతున్నాడని చెప్పు, చాలు."

ఆమెకి తను అధ్యక్షుడికి పంపిన కాగితాలు గుర్తొచ్చాయి. మార్చిలో ఆ ఫిర్యాదుని "చిన్న అసౌకర్యం" అని టైపు చేసింది తనే. జూన్‌లో "వీలున్నప్పుడు చూడగలరు" అని చేర్చిందీ తనే. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబితే తర్వాతి ప్రశ్న తన మీదికే వస్తుంది. పెన్షన్‌కి ఇంకా రెండేళ్లు.

మాట పొల్లుపోకుండా చెప్పింది.

విట్‌కమ్ ముఖం ఎర్రబడింది. "మార్చిలోనా? నాకెవరూ చెప్పలేదే."

"నేను చెప్పాను సార్. మీకు గుచ్చుకోకుండా చెప్పాను."

అదే మాట ఫ్రెంచిలో హాలుకి కూడా చెప్పింది. రేజాన్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"ఈ మాట మార్సియాల్‌కి నువ్వే వెళ్లి చెప్పు."

"ఏమంటున్నాడు?" అన్నాడు విట్‌కమ్.

"అతని ఇంటికెళ్లి నా తప్పు నన్నే ఒప్పుకోమంటున్నాడు సార్."

విట్‌కమ్ లకాస్ వైపు తిరిగాడు. "నాలుగో ప్రెస్సుకి కరెంటు తీయించండి. ఇప్పుడే."

సొలాంజ్ కోటు వేసుకుంది. సెలవు అడగలేదు, ఎవరూ ఆపలేదు. రెండు బస్సులు మారి, మూడో అంతస్తుకి ఇనుప మెట్లెక్కి బెల్లు కొట్టింది.

మార్సియాల్ ఎడమచేత్తో తలుపు తీశాడు.