శనగలు మూటగట్టిన నర్సు టోపీ

ఆ రోజుల్లో నర్సు టోపీ అంటే మా పరువు. లోకం మాత్రం దాన్ని ఉత్త గుడ్డ అనుకునేది, అదే నా మంట. నారాయణగూడలో ఒక చిన్న నర్సింగ్‌హోంలో కొత్తగా చేరాను. మరుసటి నెల నుంచి టోపీలు అక్కర్లేదని యాజమాన్యం చెప్పేసింది. మా హెడ్ సిస్టర్ (వెనకాల అందరం గంజి సిస్టర్ అనేవాళ్ళం) మండిపడి, రేపటి పిల్లలు చూడటానికైనా ఒకటి అద్దాల బీరువాలో దాచి తీరాలని పట్టుబట్టింది. మడత బాగా కుదురుతుందని నా టోపీనే ఎంచింది. నేల మీద కాళ్ళు ఆనకుండా అశోక్‌నగర్ హాస్టల్‌కు వెళ్ళి, దాన్ని విప్పి ఉతికి, ఆరాక గంజి పెడదామని గదిలో తాడు మీద వేసి డ్యూటీకి పోయాను. (మడత విప్పితే అది నాలుగు మూలల తెల్లగుడ్డే, ఒప్పుకుంటాను.)

నా రూమ్మేట్ సర్కారు కొలువు పరీక్షలకు చదివేది. పొద్దున లేస్తే చిక్కడపల్లి లైబ్రరీలోనే. రాజ్యాంగంలో ఏ అధికరణ ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అంత చదివిన మనిషి నా టోపీలో నానబెట్టిన నల్ల శనగలు పోసి, మూటగట్టి, కిటికీ కమ్మీకి వేలాడదీసింది. మర్నాడు నేను వచ్చేసరికి మొలకలు కూడా వచ్చేశాయి. అది నా తల మీది టోపీ అని ఎంత అరిచినా తను నమ్మలేదు.

"టోపీ ఏదక్కా? తాడు మీద గుడ్డనే ఉండె. మంచి నూలు గుడ్డ అని కట్టిన," అంటూ నాకే గుప్పెడు మొలకలు పెట్టింది. (తిన్నాను. ఆకలి వేసింది. కానీ కోపంగానే తిన్నాను.)

నిమ్మకాయ రుద్దాను, నీలిమందు పెట్టాను. సరిగ్గా ముందు భాగంలో పడ్డ శనగల గోధుమరంగు మరక పోతేనా! ఏడుపు ఆపుకుంటూ గంజి సిస్టర్‌కు జరిగిందంతా చెప్పి, బీరువాలో ఇంకొకరి టోపీ పెట్టమన్నాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వాడినదానికి మరక ఉంటది. కొత్తది పెడితే దుకాణంల కొన్నదంటరు. ఇదే ఉండనీ," అంది.

ఇన్నేళ్ళకు మొన్న ఏదో పని మీద ఆ నర్సింగ్‌హోంకు వెళ్తే బీరువా అక్కడే ఉంది. నన్ను పేషెంటు తాలూకు మనిషనుకుని ఒక కొత్త సిస్టర్ టోపీ చూపించింది.

"గా మరక చూసిన్రా ఆంటీ? పేషెంట్‌ను బతికిచ్చేటప్పుడు పడ్డ మందంట. అప్పటి సిస్టర్లు గట్ల చేసేటోళ్ళు."

మళ్ళీ ఒళ్ళు మండింది. చరిత్రను దాచిపెట్టడమంటే ఇదా? శనగలమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల చెయ్యి తనకు తెలియకుండానే తన వట్టి తల మీదకు పోయింది. ఆనాటి నేనైతే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. ఇప్పటి నేను మాత్రం "అవునమ్మా, మస్తు కష్టపడేటోళ్ళు," అనేసి, ఆ పొగడ్తంతా నేనే పుచ్చుకుని, నాలో నేను నవ్వుకుంటూ బయటికొచ్చాను.