ఒక్క చెంచానే కదా

బట్టలు కుట్టే ఆవిడకు కొలత అంటే కొలతే. ఏడాదిన్నర కూతురికి పాలు పడవు. రోజుకొక్క చెంచా పెరుగుతో మొదలుపెట్టి, వారం పాటు పడితేనే రెండోది వెయ్యమంది డాక్టరమ్మ. ఆవిడ మందు చెంచాలో పెరుగు తీసుకుని, అంచు మీద పొంగినది వేలితో గీసేసి మరీ అన్నంలో కలిపేది. అయినా సాయంత్రానికి పిల్ల పొట్ట డోలులా ఉబ్బేది, కాళ్ళు ముడుచుకుని ఏడ్చేది. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేసింది. పులుపెక్కిందని గిన్నెను తిట్టింది, తోడును తిట్టింది, చివరికి తన చేతినే తిట్టుకుంది.

నాలుగోసారి, అయిదో రోజు మధ్యాహ్నం, కుట్టు ఆపి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే అత్తగారు పిల్ల నోట్లో పెరుగు పెడుతోంది. "ఏంటత్తయ్యా ఇది?" "ఒక్క చెంచానే కదమ్మా. నువ్వేసేది పిచ్చుకకైనా ఆనదు." పక్కనే అన్నం తింటున్న భర్త నీళ్ళు నమిలాడు. "నేనూ రోజూ పొద్దున్న ఒక్కటే పెడుతున్నా," అన్నాడు. ఆవిడ పిల్ల మూతి కొంగుతో తుడిచి, "వారం ఆగి మళ్ళీ మొదలు. ఈసారి మీరే పెట్టండి, అడ్డురాను. ఏడిస్తే భుజాన వేసుకు తిరిగేదీ మీరిద్దరే," అంది. అత్తగారు కొడుకు వంక చూసింది. అతను కంచంలోంచి తలెత్తలేదు. అత్తగారు చెంచా కోడలి చేతికిచ్చేసింది.