వెలగని వెనుక దీపం, వద్దన్నా వచ్చిన బారాత్

మా అత్తయ్య నిక్షేపంగా జీవించి ఉండగానే, యాభై ఎనిమిదేళ్ళ మా మామయ్యను పురానాపూల్ వంతెన మీద అందరూ చూస్తుండగా పెండ్లికొడుకును చేసిన ఘనత నాది. ఇందులో నాకు దురుద్దేశం ఏమాత్రమూ లేదు. నాకున్నదల్లా శుభ్రత మీద ప్రీతి. దురుద్దేశం ఉన్నవాడు ఇంత నష్టం చేయలేడని ఈ వయసులో నాకు రూఢి అయింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. కిషన్‌బాగ్‌లో మామయ్య ఇంట్లోనే ఉంటూ, దగ్గరి పాఠశాలలో సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లవాడి చొక్కాకు ఒక గుండీ తక్కువైతే పాఠం మొదలుపెట్టని మనిషిని. మామయ్య పేరున్న వకీలు. ఆయనకొక పాత మోటారు ఉండేది. దాన్ని కదిలిస్తే దగ్గు పట్టిన ఏనుగు నిద్ర లేచినట్లుండేది. అయినా ఆ వీధికంతటికీ అది ఒక్కటే మోటారు కావడం వల్ల, అది దగ్గినా అందరూ గౌరవంగా పక్కకు తప్పుకునేవారు.

ఒక దావా పని మీద మామయ్య వారం రోజులు గుల్బర్గా వెళ్తూ, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నర్సింగ్, బండి ఎట్లున్నదో గట్లనే ఉండాలె. నేనొచ్చినంక మంచిగ కనబడితే, ఇగ ప్రతి శుక్రవారం నువ్వే నడుపు. ఏదన్న ఖరాబ్ చేసినవో, సైకిలు గూడ ముట్టనియ్య."

"ఫికర్ చెయ్యకుండ్రి మామా."

ఆ రోజుల్లో మా బడికి సెలవు శుక్రవారమే. నయాపూల్ అంగళ్ళన్నీ చూస్తుండగా స్టీరింగు పట్టుకొని సాగిపోయే నన్ను నేను ఊహించుకొని, అద్దం ముందు ముఖంలో తగిన గాంభీర్యాన్ని కూడా అభ్యాసం చేశాను.

మూడవ రోజు సాయంత్రం వెనుక దీపం మిణుకుమంది. వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. పాఠకులారా, ఇంగితం ఉన్నవాడు ఇక్కడ బల్బును ఒక చుట్టు బిగించి అన్నానికి వెళ్తాడు. నేను రిజిస్టరు తెరిచాను. 'పరీక్ష, ఫలితం, అభిప్రాయం' అని మూడు గడులు గీసి, దీపాన్ని సమూలంగా ఊడదీశాను.

దీపాన్ని మోసే ఇనుప పట్టీ నిండా తుప్పు. తుప్పు కనబడితే గోళ్ళు కొరికే విద్యార్థిని చూసినంత కోపం నాకు. దాన్ని గీకి, తోమి, రెండు పూతలు నల్లరంగు వేశాను. బోల్టుల రంధ్రాలలో సైతం పుల్లకు దూది చుట్టి రంగు పూశాను. ఆ బోల్టులు బిగిస్తే అంత చక్కని రంగు గీరుకుపోతుందనే దిగులుతో, మూల మీది మోచి చేత తోలు బిళ్ళలు కోయించి, బోల్టు బోల్టుకూ ఇరువైపులా తొడిగాను. దేశంలో ఏ మిస్త్రీ అయినా ఇంత అందంగా పని చేశాడా అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

మీట నొక్కాను. చీకటి. అంతకు ముందు అప్పుడప్పుడైనా వెలిగే దీపం, ఇప్పుడు ప్రతిజ్ఞ పూనినట్లు వెలగడం మానేసింది.

ఇక విచారణ మొదలైంది. బల్బును నేరుగా బ్యాటరీకి తగిలించాను, వెలిగింది. 'నిర్దోషి' అని రాశాను. తీగ కొసకు వేరొక బల్బు తగిలించి, ఆ బల్బు రెండవ కొసను బండి కింది ఇనుప కమాను పట్టీకి ఆనించాను. అదీ వెలిగింది. 'నిర్దోషి'. మీట నిర్దోషి. బ్యాటరీ మహా పతివ్రత. విడివిడిగా అందరూ సత్యసంధులే. కలిపి బిగిస్తే మాత్రం చీకటి.

ఎదురింటి టాంగా రహ్మత్ భాయ్ నాలుగు రోజులూ ఈ తమాషా చూశాడు. చివరికి ఉండబట్టలేక వచ్చాడు.

"మాస్టర్ సాబ్, నా కందిలి చూడుండ్రి. నూనె పోస్త, అగ్గి పెడ్త, ఎలుగుతది."

"రహ్మత్ భాయ్, ఇది విద్యుత్తు. దీనికి శాస్త్రం ఉన్నది."

"ఔ సాబ్. గందుకే ఎలుగుతలేదు."

మామయ్య తిరిగి వచ్చే రోజు రైలు సాయంత్రం నాలుగు గంటలకు. వెలుతురుండగానే ఇల్లు చేరితే దీపం సంగతి ఆయనకు తెలియదు, నా శుక్రవారం క్షేమం. మామయ్య వెంట దావా కాగితాల పెట్టెలు వస్తాయి కనుక రహ్మత్ టాంగాను కూడా వెంట తీసుకొని స్టేషనుకు వెళ్ళాను. రైలు నా మీద పగబట్టినట్లు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. దావా గెలిచిన మామయ్య తెల్లని శేర్వానీతో, తలపాగాతో, మెడలో మోకాళ్ళ దాకా వేలాడే చేమంతుల దండతో దిగాడు. కక్షిదారు వేసిన దండ, ఇంట్లో అత్తయ్య చూసేదాకా తీసేది లేదన్నాడు.

చీకటి పడ్డాక పురానాపూల్ దగ్గర పోలీసు జవాను చెయ్యెత్తాడు.

"రుకో! ఎన్క లాల్ బత్తి ఏది?"

"ఎలుగుతలేదు జవాన్ సాబ్. బల్బు మంచిదే, తీగ మంచిదే, బ్యాటరీ మంచిదే..."

"అన్ని మంచివైతే చీకటెవరిది?"

వెనుక సీటులో మామయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏందిరా? నేను పోయిన్నాడు ఎలిగింది గదా!"

"వకీల్ సాబ్, కానూన్ మీకు చెప్పేటంతోన్ని గాదు. బత్తి లేని మోటర్ పూల్ దాటొద్దు. గా టాంగకు కందిలి ఉన్నది, దాన్ని ఎన్క రానియ్యుండ్రి. గుర్రం ఎంత నడుస్తె మోటర్ గంతే నడువాలె."

రహ్మత్ భాయ్ తన కందిలికి ఎర్రగుడ్డ చుట్టి, ఎత్తిన కర్రకు తగిలించాడు. అలా కదిలాము: ముందు అద్దంలా తళతళలాడే మోటారు, లోపల దండ వేసుకున్న తెల్ల శేర్వానీ, వెనుక నాలుగు పెట్టెలతో ఎర్ర దీపపు టాంగా. వంతెన నడుమ, ఎక్కడో షాదీ ముగించుకొని వస్తున్న మర్ఫా వాయిద్యగాళ్ళు ఎదురయ్యారు. మమ్మల్ని చూడగానే వాళ్ళ చేతులు వాళ్ళ మాట వినలేదు. డప్పులు ఒక్కసారిగా లేచాయి.

"దూల్హా మియా, ముబారక్!"

"వయసు జర ఎక్కువున్నది గని, దర్జా మస్తున్నది!"

మామయ్య తల బయటపెట్టాడు. "బంద్ చెయ్యుండ్రి! నేను దూల్హా గాదు!"

"షర్మాయిస్తున్నడు భాయ్! ఇంకింత గట్టిగ కొట్టుండ్రి!"

"నర్సింగ్! ఉర్కిచ్చు బండి!"

"ఉర్కిస్తె దీపం ఎన్కబడ్తది మామా. కానూన్!"

గుర్రం నడకన పోయే వాహనం కంటే వార్త వేగంగా పోతుంది. ఎవరో పుణ్యాత్ముడు సైకిలు మీద ముందే పోయి, "వకీల్ సాబ్ పెండ్లి బారాత్ వస్తున్నది" అని ఇంట్లో చెప్పాడు. మేము చేరేసరికి గడప బయట చుట్టిన మామయ్య పరుపు, గడప లోపల నడుము మీద చేతులు పెట్టుకున్న అత్తయ్య.

"దించుండ్రి ఆమెను. మొఖం చూస్త."

"ఎవరినే?"

"టాంగల తెచ్చిండ్రు గద!"

"అమ్మా, టాంగల నేనొక్కన్నే ఉన్న," అన్నాడు రహ్మత్ భాయ్, వినయంగా.

"దీపం ఎలుగక గీ లొల్లయింది," అన్నాడు మామయ్య.

"వారం సంది నర్సింగ్ గా దీపం కాడనే కూసున్నడు. గంత తోమినంక గూడ ఎలుగదా? మామ అల్లుడు కల్సి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరు!"

మామయ్య నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో వకీలు మేల్కొన్నాడు. నా శుక్రవారాలు ఒకవైపు, ఆయన సంసారం ఒకవైపు.

"దీపం తీసినంక ఏం చేసినవ్?"

"తుప్పు గీకిన."

"తర్వాత?"

"రంగేసిన. రెండు పూతలు."

"తర్వాత?"

"రంగు గీరుకపోవద్దని బోల్టులకు తోలు..."

అప్పుడు నాకు వెలిగింది. తీగ గుండా వచ్చిన విద్యుత్తు బండి ఇనుము గుండానే తిరిగి పోవాలి. ఆ దారిని నేను రంగుతో పూడ్చి, తోలుతో తలుపు వేసి, నాలుగు రోజులు కావలి కాశాను.

"తోల్ల నుంచి కరెంటు పోతదా?"

"పోదు మామా."

"ఎవరు చెప్పిండ్రు?"

"నేనే చెప్పిన. బడిల. నలభై మందితోని మూడుసార్లు రాయించిన."

బోల్టులు విప్పి, తోలు బిళ్ళలు పీకి, ప్రాణప్రదమైన నా రంగును గీకేసి, మళ్ళీ బిగించాను. మీట నొక్కితే ఎర్రని వెలుగు సరిగ్గా అత్తయ్య ముఖం మీద పడింది. ఆమె దీపాన్ని చూసింది, దండను చూసింది, పరుపును చూసింది. ఆ పరుపు మీదే కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇగ నువ్వు సైకిలు గూడ ముట్టద్దు," అన్నాడు మామయ్య నాతో.

"ఆగుండ్రి," అన్నది అత్తయ్య. "శుక్రవారం వాడే నడుపుతడు. బండ్ల నేను కూసుంట. నా పెండ్లిల బాజా గూడ లేకుంట ఎడ్లబండ్ల తోల్కొచ్చిండ్రు. నాకు గూడ బారాత్ గావాలె."

"మరి నేను?"

"మీరు రహ్మత్ టాంగల ఎన్క రాండ్రి. కందిలి పట్టుకొని."

తీర్పు ఆ శుక్రవారమే అమలైంది. మామయ్య అప్పీలుకు పోలేదు. నేను మాత్రం ఆనాడే స్నానం చేసి, తూర్పుకు తిరిగి, ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇనుము ఇనుమును తాకి ఉన్న చోట, తోలును గాని, రంగును గాని, ముఖ్యంగా నా తెలివిని గాని, నడుమ దూర్చను.