సత్రం వాడి మొహం

మా అమ్మ చేతిలో బీరు గ్లాసు నేను మొదటిసారి చూసింది డైరీ ఫార్మ్ రోడ్డు మీద, పట్టపగలు.

మిక్సీ రిపేరుకు ఇచ్చి దుకాణం మెట్లు దిగుతున్నాను. ఎదురుగా ఒక లాడ్జి, దాని కింద బార్. లాడ్జి ముందు భాగాన్ని కప్పేస్తూ కొత్త ఫ్లెక్సీ కట్టారు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా పార్టీ అని హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. అక్షరాల మధ్య మరియమ్మ. కళ్ళకు నల్ల కళ్ళద్దాలు, ఒక చేతిలో నురగ పొంగే గ్లాసు. ఒళ్ళో పసివాడి నోటికి బీరు సీసా. నవ్వొచ్చే బొమ్మ అనుకొని నలుగురు కుర్రాళ్ళు దాని ముందు నిలబడి ఫోటో దిగుతున్నారు. నేను చూసింది ఆ గ్లాసును కాదు. మరియమ్మ ముక్కు పక్కనున్న పుట్టుమచ్చను, నీలం అంచు నేత చీరను. రెండూ మా అమ్మవి.

మా నాన్న హార్బర్‌లో ఓడలకు రంగులు వేసే ప్రభుత్వోద్యోగి. పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి, ఇక వెనక్కి వెళ్ళలేదు. డాలీగంజ్‌లో మా తెలుగువాళ్ళ ప్రార్థన మందిరం కట్టినప్పుడు, వేదిక వెనక గోడంతా క్రీస్తు జననం బొమ్మ వేసింది ఆయనే. క్యాలెండర్లలో కనిపించే తెల్లటి మొహాలు, బంగారు జుట్టు ఆయనకు నచ్చేవి కావు. ఆయన గోడ మీద పశువుల పాక పక్కన కొబ్బరిచెట్లుంటాయి, వెనక సముద్రం ఉంటుంది. యోసేపు లుంగీ ఎగ్గట్టిన వడ్రంగి. జ్ఞానులు ఓడ దిగి వస్తుంటారు. వాళ్ళ మొహాలు మా చిన్నప్పటి బెంగాలీ డాక్టరువి, హార్బర్‌లో పనిచేసిన రాంచీ కూలీవి, నాన్నతో కలిసి చేపలు పట్టిన ఒక నికోబారీవి. మరియమ్మ కోసం అమ్మ పక్కింటి పసివాణ్ణి ఒళ్ళో వేసుకొని మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. కాలు తిమ్మిరెక్కిందని విసుక్కుంటూనే కూర్చుంది. ఆ విసుగు కూడా ఆ మొహంలో కొంచెం ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ పోయాక నేను ఆదివారం ఆరాధనకు వెళ్ళేది సగం దేవుడి కోసం, సగం అమ్మను చూడటానికి.

ప్రతి క్రిస్మస్‌కీ ఆ గోడను ఎవరో ఒకరు ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు. ఫ్లెక్సీ చేసినవాళ్ళకు అది అలా దొరికి ఉంటుంది.

రోడ్డు దాటి లాడ్జిలోకి వెళ్ళాను. యజమాని కౌంటర్ దగ్గరే ఉన్నాడు. నలభై దాటినవాడు, తెలుగువాడే. వాళ్ళ పెద్దలు చేపల వేటకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని తర్వాత తెలిసింది. రంగేసిన జుట్టు, కత్తిరించి దువ్విన మీసం, మెడలో లావుపాటి గొలుసు. ఆ ఫ్లెక్సీ తీయించమని మర్యాదగానే అడిగాను. ఆయన టీ తెప్పిస్తానన్నాడు. దేవుడి బొమ్మ మీద కాస్త మజాక్ చేస్తే దేవుడికేం కాదన్నాడు. ఆ ముక్క నాకూ తెలుసు. దేవుడి సంగతి దేవుడే చూసుకుంటాడు.

“భయ్యా, ఆ బొమ్మలో ఉన్నది మా అమ్మ,” అన్నాను.

“మరియమ్మ అందరికీ అమ్మే కదా దీదీ.”

“కాదు. నన్ను కన్న అమ్మ. ఆ మొహం మా అమ్మది. మా నాన్న వేశాడు.”

ఆయన బయటికి వంగి ఫ్లెక్సీని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. పోలిక కనిపించినట్టుంది. నవ్వాడు. “అరే, అయితే ఇంకా మంచిదే. మీ అమ్మగారికి ఫ్రీ పబ్లిసిటీ. పార్టీకి మీరు కూడా రండి, మీకు టికెట్ వద్దు,” అన్నాడు. కౌంటర్ వెనకున్న మనిషి కూడా నవ్వాడు.

అక్కడ ఏడవకుండా బయటికి రాగలిగాను. డాలీగంజ్ బస్సులో కూర్చున్నాక చూసుకుంటే, మిక్సీ రసీదు నా గుప్పిట్లో నలిగి ముద్దయిపోయి ఉంది.

మా సంఘంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. పాస్టర్ గారు క్షమించమన్నారు. ఆయన ఏ సంగతికైనా ముందు ఆ మాటే అంటారు. కుర్రాళ్ళు వెళ్ళి బార్ అద్దాలు పగలగొడతామన్నారు. మా సంఘ పెద్ద ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, మందిరంలో బొమ్మలు వద్దని నాన్న బతికుండగానే వాదించినవాడు. ఆయన నాకు ఎదురొచ్చి, బొమ్మ ఉంటేనే కదమ్మా దానికి కళ్ళద్దాలు పెట్టగలిగేది అన్నాడు. ఆయన మీద కూడా నాకు మండింది. ఇంతలో ఎవరో నాయకుడు కెమెరా పట్టుకున్న మనిషితో మా ఇంటికొచ్చాడు. నేను ఏడుస్తూ మాట్లాడితే ఊరంతా కదులుతుందట. నాకు ఊరు కదలక్కర్లేదు. ఇది రెండు మతాల గొడవ అయితే ఆ లాడ్జివాడు తన మతం వెనక దాక్కుంటాడు, అమ్మ మొహం జెండాల మీదికి ఎక్కుతుంది. పోలీసు కంప్లయింట్ కూడా అందుకే ఇవ్వలేదు. నాకు ఆ ఒక్క మనిషి కావాలి.

పార్టీలు అయిపోయాక ఫ్లెక్సీ దిగింది. సిగ్గుపడి దింపలేదు, పని అయిపోయి దింపాడు. కొన్నాళ్ళకు మిక్సీ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు లాడ్జి పక్క సందులో చూశాను. ఖాళీ సీసాల పెట్టెల మీద వాన పడకుండా దాన్ని కప్పి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టారు. ఒక ఇటుక సరిగ్గా అమ్మ నోటి మీద ఉంది. అప్పటిదాకా నాలో ఉన్నది కోపం. ఆ సందులో అది కసి అయింది. కోపమైతే రెండు రోజులకు దానంతట అది చల్లారేది. కసి వచ్చాక నాకు ఆకలి కూడా బాగా వేసింది, నిద్ర కూడా బాగా పట్టింది. ఏం చేయాలో తెలిసిపోయింది కాబట్టి.

నాన్న గోడకు ఎడమ చివర ఒక సత్రం ఉంది. నెలలు నిండిన మరియమ్మను, యోసేపును చోటు లేదని తిప్పి పంపేసిన సత్రం. దానికి నాన్న మూసిన తలుపు మాత్రమే వేశాడు, సత్రం వాణ్ణి వేయలేదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, ఎవరి మొహం పెట్టినా ఆ మొహానికి ఇంట్లోవాళ్ళు ఉంటారమ్మా అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. గుర్తుండే వేశాను.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. బ్రష్ పట్టడం నాన్న దగ్గరే నేర్చుకున్నాను. గోడ మీద రంగు పెచ్చులూడితే సరిచేసే పని ఎప్పుడూ నాదే, అందుకే వేసవి సెలవుల్లో పాత దుప్పటి అడ్డం కట్టి పనిచేస్తుంటే ఎవరూ ఏమీ అడగలేదు. లాడ్జివాడి ఫేస్‌బుక్ పేజీలో ఆయన ఫోటోలు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో మంచిది తీసుకున్నాను. మూసిన తలుపును తెరిచిన తలుపు చేశాను. గుమ్మంలో అతన్ని నిలబెట్టాను. మెడలో గొలుసు, దువ్విన మీసం, లోపలికి రావద్దన్నట్టు ఎత్తిన అరచెయ్యి. అతని వెనక దీపాలు వెలుగుతున్న ఖాళీ గదులు. అతన్ని రాక్షసుడిలా వేయాలని చెయ్యి లాగింది గానీ ఆపుకున్నాను. రాక్షసుడైతే ఎవరూ గుర్తుపట్టరు. ఉన్నదానికంటే కొంచెం అందంగానే వేశాను. ఆ నవ్వు ఒక్కటి మటుకు కౌంటర్ దగ్గర నేను చూసిందే. అది కుదిరేదాకా చెరిపి చెరిపి గీశాను. కుదిరిన రోజు మధ్యాహ్నం ఇంటికెళ్ళి చేపల పులుసు వండుకొని కడుపునిండా తిన్నాను.

ఆదివారం దుప్పటి తీశాను. మొదటి పాట సగంలో ఆగిపోయింది. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. తర్వాత మందిరమంతా నవ్వు. పాస్టర్ గారు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ మా వైపు తిరిగి, ఆ రోజు వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కున్నారు. సాయంత్రానికి ఆ ఫోటో డైరీ ఫార్మ్‌లో ప్రతి ఫోన్‌లోకీ చేరింది. ఆ వారం నుంచి ఆటోవాళ్ళు ఆ లాడ్జిని ‘నో రూమ్’ అనడం మొదలుపెట్టారు. టూరిస్టులను దించుతూ, వెళ్ళి అడగండి, ఉంటే ఇస్తాడు అని నవ్వేవారట. ఎవరెవరో ఫోన్ చేసి, మా ఆవిడకు నెలలు నిండాయి, గది ఉందా భయ్యా అని అడిగి పెట్టేసేవారట. ఈ కబుర్లు మోసుకొచ్చిన ప్రతివాళ్ళకూ నేను టీ ఇచ్చాను.

అతను వచ్చాడు. నేను మందిరంలో కుర్చీలు సర్దుతున్నాను. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొడతాడేమోనని కొంచెం భయం వేసింది. అతను నా వైపు తిరిగాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నన్ను అడక్కుండా నా మొహం ఎలా వేస్తారు మీరు?”

“మా అమ్మను అడిగావా నువ్వు?”

“అది ఫ్లెక్సీ దీదీ. నెలరోజుల్లో తీసేశాను. ఇది గోడ. నేను పోయాక కూడా ఉంటుంది.”

“అవును,” అన్నాను. “గోడే.”

అతను బయటికి నడిచాడు. చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడు గొలుసు ముందుకు జారి గడ్డానికి తగిలింది. అది కూడా చూసి సంతోషించాను.

తర్వాత పాస్టర్ గారి దగ్గరికి లాడ్జివాడి తరఫున మనుషులు వచ్చారు. మొహం మార్చేయమని ఆయన నన్ను బతిమాలారు. పవిత్రమైన బొమ్మలోకి పగ తెచ్చావమ్మా అన్నారు. నేను ఒప్పుకోకపోతే సున్నం తనే వేయిస్తానన్నారు. అప్పుడు నాకు అండగా నిలబడింది నేను అనుకోని మనిషి, బొమ్మలంటే గిట్టని ఆ సంఘ పెద్ద. చెరిపితే గోడంతా చెరపాలి, అందులో ఒకణ్ణి మాత్రం చెరిపితే మిగతావాళ్ళు దేవుళ్ళయిపోతారు, దానికి నేను ఒప్పుకోను అన్నాడు. గోడంతా చెరపడానికి సంఘం ఒప్పుకోదు. అలా అమ్మ ఉన్నన్నాళ్ళూ అతనూ ఉండేటట్టు తేలింది.

ఒక శనివారం ఒక పెద్దామె ఆటో దిగి మందిరానికి వచ్చింది. చేతులనిండా మట్టిగాజులు, నుదుట పెద్ద బొట్టు. లాడ్జివాడి తల్లి. ఫెరార్‌గంజ్‌లో కూతురి దగ్గర ఉంటుందట. కొడుకు బొమ్మ గుడిగోడ మీద ఉందని విని, దేవుడి పక్కన వేశారేమోనని సంబరంగా వచ్చింది. నేను చూపించాను. దగ్గరికెళ్ళి వేలితో ఆ మీసం తాకింది.

“మావోడే. బాగా కుదిరినాడు,” అంది. ఆ తర్వాత ఎత్తిన అరచెయ్యి చూసింది. “ఎవుల్ని పొమ్మంతన్నాడమ్మా?”

చెప్పాను. కడుపుతో ఉన్న ఆడమనిషికి చోటివ్వని కథ చెప్పాను. ఆవిడ ఈవిడే అని అమ్మను చూపించాను. ఫ్లెక్సీ సంగతి, బీరు సీసా సంగతి, టికెట్ వద్దన్న మాట, ఇటుక, అన్నీ చెప్పాను. ఒక్కటీ తగ్గించలేదు. ఆమె కోసం మెత్తగా చెప్పాలని కూడా అనిపించలేదు. వింటున్నకొద్దీ ఆమె మొహం వాడిపోయింది. ఈ సంగతులేవీ కొడుకు ఆమెకు చెప్పలేదు. 

ఆమె అమ్మ బొమ్మ ముందు నేల మీద కూర్చుని దణ్ణం పెట్టుకుంది. మా మందిరంలో అలా ఎవరూ చేయరు. నేను వారించలేదు. లేచాక, “సెరిపెయ్యమని అడగాలనుంది తల్లీ,” అంది. “అడగను. ఆడే వొచ్చి అడుగుతాడు.”

మరుసటి ఆదివారం ఆరాధన అయిపోయే వేళకు కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. సంఘమంతా ఉంది. ఆమె ఏదో అనగానే అతను వేదిక దగ్గరికి నడిచి, అమ్మ బొమ్మకు చేతులు జోడించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, తప్పయిపోయింది దీదీ, మీ అమ్మగారని చెప్పాక కూడా నవ్వాను అన్నాడు. మాట బాగానే ఉంది. నేర్పించి తెచ్చిన మాటలా కూడా లేదు. అతని పక్కనే గోడ మీద అతనే నవ్వుతున్నాడు. కుర్రాళ్ళు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మనసు కరుగుతుందేమోనని నేను కాసేపు చూశాను. కరగలేదు. ఆ చెవులు ఇంకాసేపు అలాగే ఎర్రగా ఉంటే బాగుండనిపించింది.

సరే, విన్నాను అన్నాను. చెరుపుతానని అనలేదు. అతను అడగలేదు. అతని తల్లి నా మొహంలోకి చూసి, అక్కడ దొరికినది దొరికినట్టే తీసుకొని, కొడుకు చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ లాడ్జి మీద క్రిస్మస్‌కు ఒక్క నక్షత్రం మాత్రమే వెలుగుతుంది. బజార్లో నేను ఎదురైతే అతను తల వంచుకుంటాడు. పాస్టర్ గారు కనిపించినప్పుడల్లా, ఇంకా చాల్లేదా అమ్మా అని అడుగుతారు. ఆలోచిస్తున్నానంటాను.

పోయిన వానాకాలం ఎక్కువ పడింది. గోడ ఎడమ చివర చెమ్మ ఎక్కి, సత్రం వాడి మొహం మీద తెల్లగా బూజు పట్టింది. గొలుసు పోయింది, మీసం సగం రాలింది. అలా వదిలేస్తే ఇంకో వానాకాలానికి నా చెయ్యి పడకుండానే పోయేవాడు. పాస్టర్ గారు అది చూసినప్పుడు ఆయన మొహంలో ఆశ కనిపించింది.

దసరా సెలవులివ్వగానే బజారుకెళ్ళి చెమ్మకు తట్టుకునే ప్రైమర్ కొన్నాను. బూజంతా గీకి, ఆరనిచ్చి, అతన్ని మళ్ళీ వేశాను. ఈసారి ఫోటో చూడాల్సిన అవసరం రాలేదు.