పదమూడు బిట్ల డబ్బా

నా చిన్నప్పుడు, డ్రిల్లు బిట్టు కొనడం కూడా ఒక విద్యేనని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

మాది మహబూబాబాద్, మా నోటికి మానుకోట. ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి ఊళ్ళన్నీ లేచిన రోజులవి. బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మా బాపు బడిపంతులు. నాకు తొమ్మిదేళ్ళు, అన్నకు పదిహేను. ఒక ఊరేగింపులో తోపులాట జరిగి అన్న మోరీలో పడ్డాడు, కుడికాలు విరిగింది. పిండికట్టు విప్పాక, చంకకర్రతో రోజూ నడిపించకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు.

వడ్లాయన చంకకర్ర చెక్కి ఇచ్చాడు. చెయ్యి ఆనే అడ్డకర్రను ఇనుప పట్టీలతో, బోల్టులతో బిగించాలి. ఇనుముకు పొక్కలు వేసే సామాను ఆయన దగ్గర లేదు. బాపు బడిలోంచి చేత్తో తిప్పే డ్రిల్లు తెచ్చాడు గానీ దాని మూతికి బిగించే మొనలు, బిట్లు, లేవు. స్టేషను దగ్గర గోనెపట్టా మీద పరిచి అమ్మే మనిషి దగ్గర, రేకు డబ్బాలో పదమూడు బిట్లు తళతళ మెరుస్తూ కనిపించాయట. పక్కనే ఇనుప సామాన్ల దుకాణంలో నల్లటి బిట్టు ఒక్కటే ఆ డబ్బా ధరలో సగం. "ఒక్కదానికి గంత ఎందుకు? ఇందుల అన్ని సైజులున్నయి" అంటూ బాపు సంబరంగా డబ్బా తెచ్చాడు. మా బాపు పిసినారి కాడు. పదమూడు ఉంటే అన్నీ ఉన్నట్టేనని నమ్మిన అమాయకుడు.

ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో కూర్చుని తిప్పాడు. ఒక బిట్టు వంగింది, ఒకటి మొద్దుబారింది, ఒకటి విరిగింది. ఇనుము కీచుమని అరుస్తుంటే నేను చెవులు మూసుకున్నాను. చివరికి పడ్డ పొక్క వంకరపోయి, బోల్టుకన్నా వెడల్పయింది. బాపు బోల్టుకు నూలుదారం చుట్టి బిగించాడు. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. అన్న కర్ర పట్టుకుని లేచి నిలబడితే అమ్మ దిష్టి తీసింది.

రెండు రోజులు బాగానే నడిచాడు. మూడోనాడు గడప దాటుతుండగా దారం జారి బోల్టు ఊడింది, అన్న పడిపోయాడు. అతుక్కుంటున్న చోటే ఎముక మళ్ళీ విరిగింది.

వరంగల్ దవాఖాన నుంచి వచ్చాక పక్కింటి సాయిబు తాత మా ఇంటికి వచ్చాడు. తాళాలు బాగుచేసే మనిషి. ఆయన ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. అన్న తల నిమిరి, ఆ డబ్బా అడిగాడు. నా పలక తెప్పించి బిట్లను ఒక్కొక్కటిగా దాని మీద దొర్లించాడు. వంకరవి కావడంతో దాదాపు అన్నీ సాఫీగా దొర్లక ఎగిరెగిరిపడ్డాయి. ఒకదాని మొన దగ్గర ఆకురాయి పెట్టి రాస్తే మెత్తగా రజను రాలింది. "మంచిదైతే ఆకురాయి జారాలె బిడ్డా, కొరకద్దు" అన్నాడు నాతో. తర్వాత బాపు వైపు తిరిగాడు.

"సారూ, దినాం పని జేసేటోనికి డబ్బా గావాలె. నువ్వు ఏడాదికి నాలుగు పొక్కలేస్తవు. నీ బోల్టుకు సరిపోయేది ఒకటి, దానికన్న సన్నది ఒకటి. రెండే కొను, గట్టియి కొను."

అంతవరకు మామూలుగానే చెప్పాడు. ఆ తర్వాత డబ్బా మూతపెట్టి పక్కకు జరిపాడు.

"ఆ దినం చప్పుడు నాకు ఇనవడ్డది సారూ. బిట్టు మెత్తగున్నదని అప్పుడే ఎర్కైంది. సదువు చెప్పే సారుకు నేనేం చెప్త అని ఊకున్న."

బాపు తల దించుకున్నాడు. "నేనన్నా నిన్ను అడగకపోతి చాచా. పంతులునై ఉండి గింత దానికి ఒకర్ని అడుగుడేందనుకున్న."

ఇద్దరూ ఏడ్చారు. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయమేసింది.

మరునాడు వాళ్ళిద్దరూ దుకాణానికి వెళితే నేనూ వెంటపడ్డాను. సాయిబు తాత బిట్లను వెలుగుకు ఎత్తి, మొన మీది రెండు అంచులూ సమంగా ఉన్నాయో లేదో చూసి, రెండింటిని ఏరాడు. ఇంటికొచ్చి కొత్త పట్టీ మీద మేకుతో చిన్న గుంట కొట్టి, నూనె చుక్క వేసి, ముందు సన్న బిట్టుతో, తర్వాత అసలు బిట్టుతో బాపు చేత నిదానంగా తిప్పించాడు. ఇనుము సన్నని చుట్టలుగా లేచి వచ్చింది. అన్న ఎదిగినకొద్దీ కర్రలు మారాయి గానీ ఆ పట్టీలు మారలేదు. కాలు మాత్రం వంకరగా అతికి పొట్టిదైపోయింది.

అన్న ఇప్పుడు లేడు. బతికినన్నాళ్ళూ బాపును గానీ, సాయిబు తాతను గానీ ఒక్క మాట అనలేదు. నేను ఇప్పటికీ విడి బిట్లే కొంటాను, అవీ రెండే. దుకాణంలో అద్దం మీద దొర్లించి చూస్తుంటే ఈ ముసలమ్మను చూసి కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పక్క వాటాలో ఎవరైనా డ్రిల్లు పట్టి ఆ కీచు వినిపిస్తే, వాళ్ళు ఎంత చదువుకున్నవాళ్ళయినా సరే, వెళ్ళి తలుపు కొడతాను. చిరాకుపడేవాళ్ళు పడతారు. ఇద్దరు మంచివాళ్ళు మర్యాదకు పోయి నోరు విప్పకపోతే, మా అన్న బతుకంతా కుంటుతూ నడిచాడు.