చెరుకు నమలడం తినడం కాదట

1968 చలికాలం. నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో నేను మత్తు డాక్టరుగా చేరి కొద్ది నెలలే అయింది. హైదరాబాద్‌లో అనస్తీషియాలో డిప్లొమా చేసి వచ్చినా, ఊళ్ళో చాలామంది దృష్టిలో నేను సూది వేసి నిద్రపుచ్చే కాంపౌండర్నే. రోగి నిద్రలోకి జారాక ఊపిరి నా చేతుల్లో ఉంటుందని చెబితే నవ్వేవాళ్ళు. ఆపరేషన్ బాగా జరిగితే పేరు సర్జన్‌గారిది, తేడా వస్తే తప్పు మత్తుది.

మార్తమ్మ కోటగిరి వైపు నుంచి వచ్చింది. ఆమె, భర్త ఏసుదాసు చెరుకు నరికే కూలీలు. ఆమె కడుపులో పెద్ద గడ్డ, తీయాలి. ముందురోజు సాయంత్రమే ఇద్దరికీ చెప్పాను: రాత్రి అన్నం తిన్నాక ఇక ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. మత్తులో ఒళ్ళు వదిలేసినప్పుడు కడుపులో ఉన్నది పైకి పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఏసుదాసు చెవులు రిక్కించి విన్నాడు. పొద్దున థియేటర్ తలుపు దగ్గర మళ్ళీ అడిగాను.

"ఒక్క మెతుకు ముట్టలే సారు. నీళ్ళు గూడ తాగనియ్యలే," అన్నాడు. మార్తమ్మ కూడా అవునంది. ఇద్దరి ముఖాల్లోనూ అబద్ధం లేదు.

పెంటథాల్ ఇచ్చాను. అది నరంలోకి ఎక్కించే మత్తు. తర్వాత కండరాలు సడలే మందు ఇచ్చి, గొంతు లోపలికి చూసే లారింగోస్కోప్ పెట్టాను. ఊపిరి గొట్టం వేద్దామని వంగేసరికి లేత ఆకుపచ్చ నీళ్ళు బుడబుడమంటూ పైకి వచ్చాయి. గొంతు కనిపించలేదు. టేబుల్‌ని తలవైపు దించమని అరిచి ఆమెను పక్కకు తిప్పాను. గొంతులోని నీళ్ళు లాగే సక్షన్ మెషీన్‌ను నర్సు కాలితో తొక్కుతూనే ఉంది. మార్తమ్మ పెదాలు నీలంగా మారాయి. ఎలాగో గొట్టం పడింది. అందులోంచి లాగితే మళ్ళీ అవే నీళ్ళు, మధ్యమధ్య సన్నటి పీచు. థియేటరంతా తీపి వాసన. చెరుకు బండ్లు తిరిగే రోజుల్లో బోధన్ రోడ్డు పొడుగునా వచ్చే వాసనే అది. నమ్మలేకపోయాను.

ఆపరేషన్ ఆపేశాం. అబద్ధాలాడి ప్రాణం మీదికి తెచ్చారని సర్జన్‌గారు మండిపడ్డారు. నేను వరండాలోకి వచ్చి చూస్తే ఏసుదాసు పక్కన చెరుకు పిప్పి కుప్పగా పడి ఉంది. ఇదేమిటని అడిగాను.

"నోరెండుతున్నదన్నది సారు. మీరు నీళ్ళొద్దంటిరి గద. అందుకే తెల్లారినకాడి నుంచి గడలు చెక్కి ఇచ్చిన. నమిలి పిప్పి ఊంచింది. గది తినుడు గాదు గద."

చెరుకు తోటల్లోనే తెల్లారి పొద్దుగూకే వాళ్ళకు గడ నమలడం తిండీ కాదు, తాగుడూ కాదు. నేను అడిగినదానికి వాళ్ళు నిజమే చెప్పారు. ఆ నిజమే ఆమెను చంపబోయింది. జరిగింది వివరించగానే ఏసుదాసు గోడకు జారగిలబడిపోయాడు. "నా శేతులతోని నేనే సంపుకుంటుంటి," అన్నాడు.

జ్వరంతో, ఆయాసంతో మార్తమ్మ చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆమె బతుకుతుందని నాకే నమ్మకం లేకపోయింది. బతికింది.

అప్పటి నుంచి నేను ఎవరినీ "ఏమైనా తిన్నావా?" అని అడగలేదు. లేచినప్పటి నుంచి నోట్లోకి ఏం పోయిందో చెప్పమన్నాను. ఒకాయన కల్లు తాగి వచ్చి, అది తిండి కాదు కదా అన్నాడు. ఒకామె ధైర్యం కోసం చెంబెడు మజ్జిగ తాగానంది. రోగికి ఏది తిండో రోగినే అడిగి తెలుసుకోవాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మార్తమ్మ కోలుకున్నాక గడ్డ తీశారు, అంతా సవ్యంగా జరిగింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రెండో ఆపరేషన్ రోజు పొద్దున మత్తుకు ముందు చూసిందే. ఆమె ఒళ్ళో ఒక గిన్నె పెట్టుకుని కూర్చుంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఏమిటని ఏసుదాసును అడిగాను.

"ఉమ్మి గూడ మింగనిస్తలేను సారు. రాత్రి సంది గిన్నెలనే ఊంచుతున్నది."

"ఉమ్మి మింగొచ్చు తల్లీ, ఏం కాదు," అన్నాను.

ఆమె నా మాట వినలేదు. భర్త వైపు చూసింది. అతను తలూపాకే మింగింది.