పెండ్లి కార్డులో పడిన నియమాలు

మొన్న ఒక ఆడపిల్ల పెండ్లి కార్డును చేతులారా పాడుచేసినాను. పాడుచేస్తున్నంతసేపూ మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

మార్కాపురంలో మాకు టైపింగు, ప్రింటింగు దుకాణం ఉంది. నాకొక కంప్యూటరు, మా కోడలు సునీతకొకటి. పాత కీబోర్డులు అరిగిపోయినాయని ఆమె కొత్త రకానివి రెండు తెప్పించింది. మా ఊళ్ళో తయారయ్యే రాతి పలకంత పలచన. కీలు గుండ్రంగా, చదునుగా ఉన్నాయి. నొక్కితే చప్పుడు లేదు. వైరు అసలే లేదు. చప్పుడు లేని పని మీద నాకు నమ్మకం తక్కువ. అయినా రెండు దినాలకే మణికట్టు నొప్పి తగ్గేసరికి, బాగుందని ఒప్పుకున్నాను.

పొద్దున దుకాణం తెరవగానే దుమ్ము దులపడం నా అలవాటు. ఆ రోజు కూడా కీబోర్డులు రెండూ బోర్లించి తట్టి, బట్టతో తుడిచి, ఎక్కడివి అక్కడ పెట్టినాను. పెట్టినానని అనుకున్నాను.

అంతలో కొనకనమిట్ల దిక్కు నుంచి ఏసుదాసు వచ్చినాడు. కూలి పని చేసుకునే మనిషి. బిడ్డ పెండ్లి కార్డు ఆ పూటే అచ్చయితే, సాయంత్రం బస్సుకు పోయి బంధువులకు పంచాలి. సునీత ముందు రోజే చేసిపెట్టిన కార్డును మౌసుతో తెరిచి, చివరి లైను మీద నొక్కి, అతన్ని తన తెర ముందు కూర్చోబెట్టింది. "ఒకసారి చదువుకో చిన్నాయనా, పొయ్యి మీద పాలుండాయి" అని వెనక ఇంట్లోకి పోయింది.

ఖాళీగా ఉండడమెందుకని నేను గోడకు అంటించే దుకాణం నియమాలు పాత కాగితం చూసి టైపు చేయబట్టినాను. టైపు నేర్పిన సారు మాకు చెప్పింది ఒకటే. కండ్లు కాగితం మీదనే ఉండాల. పక్కకు చూస్తే వేళ్ళ మీద స్కేలు పడేది. ఇప్పటికీ పని అయిపోయేదాకా నేను తల ఎత్తను.

కొంతసేపటికి ఏసుదాసు గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఒక మాట."

"పనిలో ఉన్నవారితో మాట్లాడగూడదు ఏసుదాసూ."

"అది కూడా పడింది అన్నా."

"ఏంది పడింది?"

"పనిలో ఉన్నవారితో మాట్లాడరాదని. విందు టైము కింద."

తల ఎత్తినాను. నా తెర ఖాళీ. సునీత తెర మీద వధూవరుల పేర్లు, చర్చి, విందు, వాటి కింద వరసగా నా నియమాలు. అప్పు అడగరాదు. ఊరక కూర్చొని కాలం వృథా చేయరాదు. పని ముగిసిన వెంటనే వెళ్ళిపోవలెను.

"ఇంతసేపు చూస్తా ఎందుకు ఊరకున్నావు?"

"కొత్త మిషను గదా, దానంతట అదే రాస్తాదేమో అనుకున్నా. అప్పు కాడికి వచ్చేసరికి బాధయింది. మా వియ్యపురాలు తమనే అన్నామనుకుంటాది."

సునీత వచ్చి చూసి, కీబోర్డులు అటుది ఇటు మార్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వైరున్నప్పుడు మీరు ఎంత తుడిచినా ఇబ్బంది లేకపోయె మామా."

ఆమె నియమాలన్నీ తీసేస్తుంటే ఏసుదాసు చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఆ చివరిది ఉండనీ అమ్మా. మా బావమరిది పెండ్లికని వచ్చి క్రిస్మస్ దాకా కదలడు."

"ఇది ఉంచితే చిన్నమ్మ నిన్ను కదిలిస్తాది" అని సునీత దాన్ని కూడా తీసేసింది.

కార్డులు బాగానే వచ్చినాయి. ఏసుదాసుకు బస్సు కూడా అందింది. నేను నియమాలు మళ్ళీ టైపు చేసి గోడకు అంటించినాను. ఇన్నేండ్లుగా అంటిస్తూనే ఉన్నాను, నిలబడి చదివినవారు లేరు. చివరి అక్షరం దాకా చదివినవాడు ఏసుదాసు ఒక్కడే. అదీ తన బిడ్డ పెండ్లి కార్డులో పడినాయి గనుక.